కణేకల్లు మిద్దెలు, ఇంగ్లండు నిలువుమెట్లు

అనంతపురము జిల్లా పటమును ముందుంచుకొని పడమటి యంచున వ్రేలు నడిపించినచో, బళ్ళారి సరిహద్దునకు చేరువగా, రాయదుర్గమునకు ఈశాన్యమున కణేకల్ అను నూరు కనిపించును. ఊరివారు దానిని కణేకల్లని పలుకుదురు. రాయదుర్గము తాలూకా 1953 వరకు బళ్ళారి జిల్లాలోనిది. ఆ యేట అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు ఆలూరు, ఆదవాని తాలూకాలతోపాటు ఇదియు తెలుగువారి పాలిటికి వచ్చినది. అందువలన ఇచ్చటి యాడువారు బావికడ తెలుగున మాట మొదలుపెట్టి కన్నడమున ముగించుట నేటికిని వినవచ్చును.

ఊరికి చేరువనే వేదవతీనది పారును. దీనికే హగరి యని వాడుకపేరు. పారునని వ్రాసితిని గాని, యేటిలో నీటిని చూచిన దినములకంటె ఇసుకను చూచిన దినములే యెక్కువ. పడమటిగాలి విసరిన కాలమున ఆ యిసుక లేచి వచ్చి చేలమీద కూర్చుండును. కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములందు ఇసుకదిబ్బలు పెరిగి పైరునేలను మ్రింగుచుండుట చూచి శాస్త్రజ్ఞులు ఎడారి పుట్టుచున్నదని హెచ్చరించినారు. ఇట్టి సీమలోనే తుంగభద్ర యెగువకాలువ నీరందిన మేర వరిమళ్ళు పచ్చగా నుండును. ఊరి పెద్దచెరువు కట్టమీద నిలిచినచో ఒక కంట పచ్చదనమును, ఒక కంట ఇసుకయు గోచరించును. కరవుసీమలో నీటి విలువ యెట్టిదో ఆ కట్టమీద చెప్పకయే తెలియును.

నేను వ్రాయబూనినది నీటిని గూర్చి కాదు, మిద్దెలను గూర్చి.

కోస్తాజిల్లాల సోదరీమణులు మిద్దె యనగానే రెండంతస్తుల సున్నపు మేడను తలతురు. ఈ సీమలో మిద్దె యనగా మట్టికప్పు గల సామాన్యుని యిల్లు. రాతిగోడలమీద దూలములు వేసి, వానిపై దంతెలు పరచి, దంతెలపై సన్నని కొయ్యలును ఆకులును కప్పి, ఆపైన మట్టిని మందముగా పోసి, అన్నిటికిని మీద చౌడుమన్ను పరతురు. చౌడు నీటిని క్రిందికి దిగనీయదు. వాన తక్కువగు సీమ గనుకనే యిట్టి చదునుకప్పు నిలుచును. ఏటేట తొలకరికి ముందు క్రొత్తచౌడు తెచ్చి కప్పుమీద చల్లి, త్రొక్కి చదును చేయవలెను. ఇంటిలోనికి వెలుతురు దిగుటకు కప్పులో విడిచిన కంతకు గవాక్షి యని పేరు. పిట్టగోడ కొన్నిటికి మోకాలెత్తు, కొన్నిటికి అదియు లేదు. ఎక్కుటకు నిచ్చెనయో, గోడలో దింపిన రాతిమెట్లో యుండును.

ఈ మిద్దెమీద వేరుసెనగకాయ లెండును, మిరపపండ్లెండును, వేసవిరాత్రులలో ఇల్లంతయు నిదురించును. ఇది దినదినపు టుపయోగము. ఇక పండుగదినములందు మిద్దె స్త్రీల వేడుకమంటప మగును. వీథిలో తేరు కదలునపుడును, పీర్లు లేచి అగ్నిగుండమువైపు పోవునపుడును, ఎడ్లచేత బండ లాగించు పందెములు జరుగునపుడును పురుషులు క్రింద త్రోపులాడుకొందురు. ఆడువారు మిద్దెలెక్కి నిలుతురు. రాత్రి బయలాట కట్టినచో తెల్లవారువరకు మిద్దెలు దిగరు. వీథి పురుషులది, మిద్దె మనది యని యెవ్వరును శాసనము వ్రాయలేదు గాని, తరతరములుగా జరుగుచున్న యేర్పా టిది.

కొన్నియేండ్ల క్రిందట నేను కణేకల్లులో బంధువుల యింట తేరు చూచుటకు పోయియుంటిని. ఆ యింటి పెద్దయవ్వ నిచ్చెన మొదట పీట వేసికొని కూర్చుండెను. పైకెక్కు ప్రతివారిని ఆమె కన్నులతో లెక్కించుచుండెను. ఒక సంఖ్యకు రాగానే నిచ్చెనకడ్డముగా కాలు చాచి, “ఇంకొకరెక్కొద్దు తల్లీ! దూలం నాయంత ముసల్ది” అనెను. ఎంతటి బంధువులు వచ్చినను ఆ కాలు తీయలేదు. పైన నున్నవారిలో బాలింతలను, గర్భిణులను గోడప్రక్కన దూలముమీది చోటనే నిలువుడనియు, కప్పు నడుమ గుంపు కూడవలదనియు కేక వేయుచుండెను. ఏ దంతెకు చెదలు తగిలినదో, ఏ మూల చౌడు దిగబడినదో ఆమెకు తెలియును. ఆ యింటిమీద నలుబది యేండ్లు చౌడు చల్లిన చేతులవి.

ఆనాడు మాతో మా పెదనాన్నగారి కుమారుడు, ఇంగ్లండులో చాలకాలము వైద్యవృత్తి చేసి వచ్చిన అన్నగారుండిరి. ఆయన లివర్‌పూల్ పట్టణమున పనిచేసినవారు. అవ్వ లెక్కింపును చూచి ఆయన, “చెల్లీ! ఈ మిద్దెను ఇంగ్లీషులో నేమందురు?” అని యడిగిరి. టెర్రసు అంటిని. “ఆ దేశములో ఫుట్‌బాలు మైదానముల చుట్టును జనులు నిలుచుండి చూచు మెట్లకును అదే పేరు. అచ్చట ఇట్టి అవ్వ యొక్కతె యుండినయెడల ఎందరి తల్లులకు గర్భశోకము తప్పెడిదో!” అనిరి. ఆయన మాట నన్ను వదలలేదు. తరువాత ఆయననడిగియు, చదివియు తెలిసికొన్న సంగతులను సోదరీమణుల కిచ్చట విన్నవించుచున్నాను.

ఇంగ్లండున 19వ శతాబ్దిలో మిల్లుకూలీలకు శనివారము మధ్యాహ్నము సెలవు దొరకినది. నేతమిల్లులలో శనివారము రెండుగంటలకు పని నిలుపవలెనని 1850లో చట్టము చేసిరి. ఆ సెలవే ఫుట్‌బాలును పెంచినది. 1888లో పండ్రెండు సంఘములు చేరి ఫుట్‌బాల్ లీగును స్థాపించినవి. మూడుగంటలకు ఆట. పని వదలి తిన్నగా వచ్చు వేలకొలది జనమునకు కుర్చీలు వేయుట యెవరి తరము? మైదానము చుట్టును మన్నును, కొలిమిబూడిదను, చెత్తను పోసి గట్టు లెత్తిరి; గట్టును మెట్లుగా చెక్కిరి; తరువాత కాంక్రీటు పోసిరి. నడుమ నడుమ నడుమెత్తున ఇనుపకమ్ములు నాటిరి. ఇవియే నిలువుమెట్లు. వెల తక్కువ. వానకు తడియుచు, చలికి వణకుచు, మూడువంతుల జనము నిలుచుండియే ఆట చూచెడివారు.

మొదట కొన్నిచోట్ల కొయ్యచట్రములమీద పలకలు పరచి మెట్లు కట్టిరి. స్కాట్లండులో గ్లాస్గో పట్టణపు ఐబ్రాక్సు మైదానమున 1902వ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన అట్టి కొయ్యమెట్లు విరిగి జనులు క్రింద పడిరి. 25 మంది మరణించిరి. ఆ మైదానమును రూపించిన ఆర్చిబాల్డ్ లీచ్ తరువాతి కాలమున ఇంగ్లండులోని పెక్కు ప్రసిద్ధ మైదానములకు శిల్పి యయ్యెను. కొయ్యకు బదులు గట్టిమన్నుగట్టులు వాడుకలోనికి వచ్చినవి. ముసలిదూలమును నమ్మరాదను పాఠము ఆ దేశమున కట్లు నేర్పబడినది.

ఈ మెట్లలో మిక్కిలి పేరుగన్నది లివర్‌పూల్ సంఘమువారి ఆన్‌ఫీల్డు మైదానములోని ‘కాప్’. 1906లో దానిని కట్టిరి. ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ అను పత్రికారచయిత దానికి ‘స్పియన్ కాప్’ అని పేరుపెట్టెను. ఆ పేరు ఇంగ్లీషుది కాదు. దక్షిణాఫ్రికాలో నేటాలు రాష్ట్రమున నున్న యొక కొండ పేరది. గూఢచారి కొండ యని యర్థము. 1900వ సంవత్సరము జనవరి 23, 24 తేదీలలో ఆ కొండమీద బోయర్లకును ఇంగ్లీషువారికిని ఘోరమైన యుద్ధము జరిగినది. లాంకషైరు పటాలములలోని పెక్కుమంది యువకు లచ్చట కూలిరి. వారిని తలచికొనుచు ఊరివారు తాము నిలుచుండు నిటారుగట్టునకు ఆ పేరుంచుకొనిరి. అటుపిమ్మట ఇతర మైదానములలోని యెత్తైన గట్టులకును కాప్ అను పేరు వచ్చినది.

ఆ కొండకును మనకును ఒక సంబంధము కలదు. అప్పుడు నేటాలులో న్యాయవాదిగా నున్న మోహనదాస్ కరంచంద్ గాంధి భారతీయులతో ఒక అంబులెన్సు దళమును కూర్చెను. దళమున దాదాపు 1,100 మంది. వారిలో సుమారు మూడువందలమంది స్వతంత్రులు. తక్కినవారందరు ఒప్పందపు కూలీలు. స్పియన్ కాప్ యుద్ధమున గాయపడిన సైనికులను డోలీలలో మోసికొని, గుండ్లు పడుచోటినుండి దినమునకు ఇరువది, ఇరువదియైదు మైళ్ళు నడిచి ఆసుపత్రికి చేర్చినవారు వీరే. నేటాలుకు ఒప్పందపు కూలీలను తీసికొనిపోయిన మొదటి ఓడ ట్రూరో మద్రాసు రేవునుండియే బయలుదేరి 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన డర్బను చేరినది. అటుపిమ్మట ఆ రేవునుండి పోయినవారిలో అరవములతోపాటు తెలుగువారును వేలకొలదిగా నుండిరి. చెరకుతోటలలో వారి సంతతివారు నేటికిని తెలుగు పండుగలు చేసికొందురు. కాబట్టి లివర్‌పూల్‌లో శనివారము కేకలు పెట్టిన గట్టు పేరులో మనవారి భుజముల నొప్పియు కొంత గలదని చెప్పుట అతిశయోక్తి కాదు.

కాప్‌నకు 1928లో పైకప్పు వేసిరి. నిండినప్పుడు దానిమీద సుమారు 28,000 మంది నిలుచుండెడివారు. కణేకల్లువంటి పెద్దయూరు మొత్తము ఒక్క గట్టుమీద నిలిచినట్లు భావింపుడు. అన్నగారు చెప్పినదేమన: “మొదటిసారి పోయినపుడు నేను నడచి లోనికి పోలేదు, జనమే నన్ను మోసికొనిపోయినది. బంతి గోలువద్దకు వచ్చినప్పుడెల్ల వెనుకవారు ముందునకు ఒరగుదురు. మన కాళ్ళు నేలనంటవు. పది మెట్లు క్రిందికి కొట్టుకొనిపోయి, మరల అల వెనుకకు తీసినట్లు మన చోటికి వత్తుము. ప్రక్కవాడెవడో తెలియదు, గోలు పడినచో వాడు మనలను కౌగిలించుకొనును. నల్లవాడవని అన్నవాడును ఆ గుంపులో నుండెను, జేబులోని రొట్టెను విరిచి సగము నాకిచ్చినవాడును నుండెను. పిల్లలు వెనుక చిక్కుకొనినచో పెద్దలు వారిని తలలమీదుగా చేతులు మార్చుకొనుచు ముందువరుసకు పంపెదరు. మూర్ఛపోయినవారిని గూడ అట్లే దింపెదరు.” పాట యెత్తినచో వేలకంఠములు కలిసి పాడును. నేర్పినవారు లేరు, తాళము వేయువారు లేరు. తిరునాళ్ళలో భజనగుంపు కలిసినట్లు దానంతట నదియే కలియును.

ఆడువారి సంగతి యేమి యని మీరడుగుదురు. తొలినాళ్ళలో కొన్ని సంఘములు స్త్రీలను వెల లేకుండ లోనికి రానిచ్చెను. స్త్రీలున్నచో పురుషుల నోళ్ళు అదుపులో నుండునని తలచిరి. లాంకషైరులోని ప్రెస్టన్ పట్టణమున 1885లో ఒకయాటకు సుమారు రెండువేలమంది స్త్రీలు రాగా, అమ్మో యింతమందియా యని ఆ యుచితపద్ధతిని మానిరట! చూచుటయే కాదు, ఆడుటయు వారికి వచ్చును. మొదటి ప్రపంచయుద్ధకాలమున అదే ప్రెస్టన్‌లో డిక్, కెర్ అను కార్ఖానాలో పనిచేయు యువతులు 1917లో ఒక జట్టు కూర్చుకొని, ఆటవలన వచ్చిన సొమ్మును గాయపడిన సైనికులకిచ్చిరి. 1920వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కు మైదానమున వారి యాట చూచుటకు 53,000 మంది వచ్చిరి. చోటుచాలక వేలకొలది జనులు వెలుపల నిలిచిపోయిరి. మరుసటియేట డిసెంబరు 5వ తేదీన ఫుట్‌బాల్ అసోసియేషనువారు ఆ క్రీడ స్త్రీలకు తగదనియు, తమ సంఘముల మైదానములను వారికీయరాదనియు తీర్మానించిరి. ఆ నిషేధము సుమారు అర్ధశతాబ్దము, అనగా 1970వ దశకము మొదటివరకు సాగినది. జనము రానందున కాదు, వచ్చినందున తలుపులు మూసిరి. ఇట్టి కథ మన యిండ్లలోను వినని వింత కాదు గదా!

నిలువుమెట్ల వేడుక ఇంతవరకు చెప్పితిని. దాని యపాయము చెప్పకుండుట న్యాయము కాదు. 1923వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన లండనులో వెంబ్లీ మైదానము తెరచిననాడు లెక్కకు వచ్చినవారే 1,26,047 మంది. గోడలు దూకి వచ్చినవారు మరి యెందరో. జనము ఆటస్థలమునే కప్పివేయగా, బిల్లీ యను తెల్లగుఱ్ఱము నెక్కిన పోలీసు జార్జి స్కోరీ మెల్లగా వారిని వెనుకకు జరిపెను. ఆనాడు దైవము కాచినది. 1946వ సంవత్సరము మార్చి 9వ తేదీన బోల్టను పట్టణపు బర్న్‌డెన్ పార్కులో కాయలేదు. ఇనుపకమ్ములు విరిగి 33 మంది నలిగి చనిపోయిరి. శవములను గీత వెలుపల పరుండబెట్టి, మీద కోట్లు కప్పి, ఆటను మరల సాగించిరి.

అన్నిటికంటె ఘోరము 1989వ సంవత్సరము ఏప్రిలు 15వ తేదీన షెఫీల్డు పట్టణములోని హిల్స్‌బరో మైదానమున జరిగినది. లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్టు జట్ల యాట అది. అల్లరిమూకలకు వెఱచి ఆ కాలమున మెట్లకు ముందును ప్రక్కలను ఇనుపకంచెలు కట్టి, దొడ్లవలె విభజించియుండిరి. వెలుపల త్రొక్కిడి యగుచుండగా పోలీసులు ఒక పెద్దద్వారమును తెరచిరి. వచ్చినవారందరు ఎదుటి సొరంగమున పడి, అప్పటికే క్రిక్కిరిసిన నడిమిదొడ్లలోనికి పోయిరి. ప్రక్కదొడ్లలో చోటున్నది, అటు త్రోవ చూపువారు లేరు. ఇచ్చట ఒక సంగతి తెలిసికొనవలెను. గుంపులో జనులు పడి కాళ్ళక్రింద నలిగి చత్తురని మనము తలతుము. చాలమంది నిలుచుండియే చత్తురు. ఱొమ్ముమీద నలుదెసల ఒత్తిడి కలిగి, ఊపిరి తీయుటకు ఎడము లేక ప్రాణము పోవును. కేక వేయుటకు గూడ గాలి యుండదు. ఆ దుర్ఘటనవలన 97 మంది మరణించిరి. అందు పదియేండ్ల బాలుడొకడు. కలిసి ఆటకు వచ్చిన అక్కచెల్లెండ్రు ఇద్దరు. తొంబదియేడవవాడు ముప్పదిరెండు సంవత్సరములు శయ్యమీద నుండి 2021లో కన్నుమూసెను.

తమ తప్పు కప్పుకొనుటకు అధికారులు, త్రాగి వచ్చిన జనమే ద్వారము విరిచినదని చెప్పిరి. పత్రికలు దానిని ప్రకటించెను. ఆన్ విలియమ్స్ అను తల్లి పదునైదేండ్ల కుమారుని కెవినును ఆనాడు పోగొట్టుకొనెను. మధ్యాహ్నము 3.15 గంటలకే అందరి ప్రాణములు పోవుట నిశ్చయమైనదనియు, ఆపైన జరిగినది విచారింప నక్కరలేదనియు మొదటి విచారణాధికారి నిర్ణయించెను. అటుపిమ్మటగూడ తన బిడ్డ జీవించియుండెనని చూచినవారు చెప్పిరి. ఆమె చదువరి న్యాయవాది కాదు, సామాన్యగృహిణి. ఇంటింటికి తిరిగి సాక్షులను వెదకి, కాగితములు కూర్చి, న్యాయస్థానములు తలుపు మూసినను మరల తట్టెను. 2012లో స్వతంత్రసంఘము నిజమును వెల్లడించినది; పాతతీర్పు రద్దయ్యెను. 2013వ సంవత్సరము ఏప్రిలులో ఆమె వ్యాధితో మరణించెను. చనిపోయినవారు అన్యాయముగా చంపబడిరనియు, చూడవచ్చినవారి తప్పేమియు లేదనియు 2016వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన పంచాయతుదారులు తీర్పు చెప్పిరి. తల్లి లేదు, ఆమె మాట నిలిచినది.

దుర్ఘటనను విచారించిన న్యాయమూర్తి టేలర్ 1990 జనవరిలో నివేదిక నిచ్చెను. నిలుచుండుట తనంతట నపాయకరము కాదనియు, అయినను కుర్చీలే మేలనియు ఆయన యభిప్రాయము. పెద్దసంఘములు 1994 ఆగస్టునాటికి నిలువుమెట్లు తీసివేయవలసివచ్చినది. ఆ యేట ఏప్రిలు 30వ తేదీన నార్విచ్ జట్టుతో జరిగిన యాటతో ఆన్‌ఫీల్డులోని పాతకాప్ చరిత్ర ముగిసినది. క్రొత్తగా కట్టినదానిలో కుర్చీలు సుమారు 12,400. ప్రాణభయము పోయినది. దానితో చవుకవెలయు పోయినది. తండ్రి వెంట కొడుకు, వాని వెంట ప్రక్కయింటి పిల్లవాడు పోయెడి యలవాటును తగ్గినది. అన్నగారు ఆ మెట్లను తలచినపుడెల్ల నవ్వుచు మొదలుపెట్టి, హిల్స్‌బరో తలపునకు వచ్చి ఊరకుందురు. ఆయనకు రెండును నిజమే. జ్ఞాపకమునకు తీపి యున్నదని చేదును దాచరాదు. చేదున్నదని తీపిని కాదనరాదు. 2022వ సంవత్సరము జనవరినుండి ఇంగ్లండున కొన్ని మైదానములలో ప్రతివరుసకు ముందు ఇనుపకమ్మి యమర్చి, ఒక్కొక్కరికి ఒక్కొక్క చోటిచ్చి, మరల నిలుచుండుటకు అనుమతించుచున్నారు. లెక్క యున్నచో నిలుచుండుటకు అడ్డులేదన్నమాట.

మన తెలుగునాటను ఈ యాటకు గొప్పచరిత్ర కలదు. హైదరాబాదు సిటీపోలీసు జట్టు 1950 మొదలు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్సు కప్పు గెలిచినది. ఆ జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షకుడుగా భారతజట్టు 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవస్థానము నందినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో బంగారుపతకము గెలిచినది. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోను ఆడినవాడు. మా యనంతపురమున గ్రామీణాభివృద్ధి సంస్థవారు ఈ శతాబ్ది మొదటిభాగమున క్రీడాగ్రామమును నిర్మించిరి. అందు పల్లెబాలికలును ఫుట్‌బాలు నేర్చినారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ క్రికెట్టు ఆటలు అచ్చట జరిగినపుడు జిల్లా నలుమూలలనుండి జనము పోయినది. మిద్దెమీదనుండి చూచిన అవ్వల మనుమరాండ్రు మైదానములో దిగినారనుట సంతోషకరము.

అయితే గుంపును లెక్కించు విద్య మన కింకను పట్టువడలేదు. 2015వ సంవత్సరము జూలై 14వ తేదీన గోదావరి పుష్కరముల మొదటిదినమున రాజమహేంద్రవరములో త్రొక్కిసలాట జరిగి ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో స్త్రీలే యెక్కువ. 2025వ సంవత్సరము జనవరి 8వ తేదీన తిరుపతిలో వైకుంఠద్వారదర్శనపు టోకెన్లకై నిలిచిన భక్తులలో ఆరుగురు ప్రాణములు విడిచిరి. పుణ్యమునకు పోయినవారు, ఆటకు పోయినవారు ఒక్కరీతినే ఊపిరాడక పోవుచున్నారు. దీనిని కర్మమని సరిపెట్టుకొనుట హిల్స్‌బరో అధికారులు జనముమీద నింద మోపుటకంటె మేలైనది కాదు. ఇంగ్లండులో నేడు నిలుచుండు చోటును కొలిచి, చదరపు మీటరునకు అయిదుగురికి లోపే యుండునట్లు నియమము పెట్టినారు. కొలత, లెక్క, చోటున్న వైపునకు త్రోవ చూపు మనిషి: ఈ మూడే కావలసినవి.

సోదరీమణులారా! తిరునాళ్ళకు పోవునపుడు మనము చేయదగినవియు కొన్ని కలవు. పోయిన వెంటనే రెండవద్వార మెక్కడనో చూచుకొనుడు. పిల్లల జేబులో ఇంటిపేరును, టెలిఫోను సంఖ్యయు వ్రాసియుంచుడు. గుంపు బిగిసి, చేతులు కదలుట కష్టమైనచో అది ముందునకు పోవలసిన సమయము కాదు. అప్పుడు చేతులు మడిచి ఱొమ్మునకు ముందు అడ్డముగా పెట్టుకొని, ఊపిరికి ఎడముంచుకొని, ఒత్తిడికి ఎదురు త్రోయక, అది తగ్గినపుడెల్ల మెల్లగా ప్రక్కకు జరుగుడు. పడిన వస్తువుకై వంగకుడు. మిద్దెలుగల యిండ్లవారు పండుగకు ముందు దంతెలను తట్టి చూచుడు. చెదలు పట్టినచో ఆ యేడు ఎవ్వరిని ఎక్కనీయకుడు. బంధువులు అలిగిన అలుగుదురు.

కణేకల్లులో నేడు మట్టిమిద్దెలు తగ్గిపోవుచున్నవి. చౌడు తెచ్చి చల్లువారు లేరు. వానికి బదులు సిమెంటుకప్పు లేచుచున్నవి. గవాక్షులు మూసికొనిపోయినవి. సిమెంటుకప్పు బలమైనది, కురియదు, చెదలు పట్టదు. దాని బలమును చూచి యిప్పుడెవ్వరును నిచ్చెనకడ కూర్చుండి లెక్కించుట లేదు. మట్టికప్పుతోపాటు ఆ జాగ్రత్తనుగూడ పారవేయరాదు. కప్పు క్రొత్తదైనను, దానిమీద నిలుచు ప్రాణము పాతదియే. దానికి కావలసిన ఊపిరియు అంతే.